చిన్న సముద్రతీర ఊళ్లో కుర్రాళ్ల గొడవలు, ఫ్రెండ్స్ ప్రెజర్: ఊరిని ఎంత దెబ్బతీస్తాయి, ఇంట్లోవాళ్లు ఏం చేయొచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. సముద్రం ఒడ్డున చిన్న ఊరు, అందరికీ అందరూ తెలుసు. కొంతకాలంగా 15 నుంచి 20 ఏళ్ల మధ్య కుర్రాళ్లు రెండు గుంపులుగా చీలి కొట్టుకుంటున్నారు, ఈమధ్య ఒకడికి కత్తి గాయం దాకా వచ్చింది. మీ తమ్ముడు స్వతహాగా గొడవల మనిషి కాదు, కానీ ఒక గుంపుతో తిరుగుతున్నాడు, "నేను వెళ్లకపోతే పిరికోడంటారు" అంటున్నాడు. దీనివల్ల ఊరు ఏమైపోతుంది, తమ్ముణ్ని ఎలా బయటికి తేవాలి, వేరే ఊరు పంపేస్తే సరిపోతుందా అని అడిగారు.

నేను టీనేజ్ కుర్రాళ్లతో పనిచేసే కౌన్సెలర్ని, నా సర్వీసులో ఎక్కువ భాగం ఇలా హార్బర్ చుట్టూ బతికే చిన్న ఊళ్లలోనే గడిచింది, కాబట్టి పుస్తకంలోది తక్కువ, చూసింది ఎక్కువ చెప్తాను.

సూటిగా జవాబు: దెబ్బ గట్టిగానే తీస్తుంది, ఇదే గొడవ సిటీలో జరిగితే తీసేదానికంటే ఎక్కువ. అయితే మీ తమ్ముణ్ని ఆ ఫ్రెండ్స్ నుంచి ఒక్కసారిగా తెంపేయాలని చూడకండి, చిన్న ఊళ్లో అది జరిగే పని కాదు. అతనికి కావాల్సింది పరువు పోకుండా పక్కకి తప్పుకునే సందు. ఊరికి కావాల్సింది కొట్టుకునే ఇద్దరి మీద కంటే చుట్టూ నిలబడి చూసే ఇరవై మంది మీద పనిచేయడం. ఈ రెండో మాట చెప్తే చాలామంది పెద్దలు నన్ను అదోలా చూస్తారు, కాస్త ఓపిగ్గా చదవండి.

చిన్న ఊళ్లో లెక్క ఎందుకు వేరంటే

సిటీలో ఒక కుర్రాడికి ఒక బ్యాచ్‌తో చెడితే ఇంకో బ్యాచ్ దొరుకుతుంది, కాలేజీ మారతాడు, జిమ్ మారతాడు, రెండు బస్సులు మారితే అతన్ని ఎరిగినవాడే ఉండడు. చిన్న ఊళ్లో అతని వయసు కుర్రాళ్లు మొత్తం ఒక క్లాస్‌రూంలో పడతారు, వాళ్లలో సగం మంది చుట్టాలు, మిగతా సగం పక్కింటివాళ్లు. పొద్దున స్కూలు బస్సులో కనిపించేవాడే సాయంత్రం జెట్టీ మీద, రాత్రి ఏదో పెళ్లిలో ఎదురుపడతాడు. ఫ్రెండ్స్ మార్చుకో అని మనం చాలా తేలిగ్గా అనేస్తాం, ఎవరితో మార్చుకోవాలి అతను? ఆ గుంపు వదిలితే అతనికి మిగిలేది ఇంకో గుంపు కాదు, ఒంటరితనం. 16 ఏళ్ల వయసులో దెబ్బలు తినడం కంటే ఒంటరిగా మిగలడమే ఎక్కువ భయం, ఇది మీ తమ్ముడి బలహీనత కాదు, ఆ వయసు అంతే.

దాని మీద సముద్రం మీద బతికే ఊళ్లకి ప్రత్యేకంగా ఉండే కొన్ని ఇబ్బందులున్నాయి. తండ్రులు, అన్నలు రోజుల తరబడి నీళ్ల మీదే ఉంటారు, అంటే గొడవ పెరుగుతున్న సాయంత్రం అడ్డుపడగలిగే మగ పెద్దమనిషి ఒడ్డున ఉండడు. సంపాదన కూడా ఒక పద్ధతిలో రాదు. వేట బాగా సాగిన వారం 17 ఏళ్ల కుర్రాడి చేతిలో కూడా ఒక్కసారిగా డబ్బు ఆడుతుంది, వేట లేని నెలల్లో చేతిలో పైసా ఉండదు, చేయడానికి పని కూడా ఉండదు. నేను చూసిన పెద్ద గొడవలన్నీ దాదాపు ఈ రెండు టైముల్లోనే వచ్చాయి, డబ్బు వచ్చిన రాత్రి మందు తాగి, లేదంటే పని లేని నెలల్లో ఊరికే. చదువుకునే పిల్లలు మాత్రమే ఉన్న ఊళ్లో గొడవల క్యాలెండర్ ఒకలా ఉంటుంది, హార్బర్ ఊళ్లో ఇంకోలా ఉంటుంది, ఇది తెలియకుండా బయట నుంచి వచ్చి అవగాహన సదస్సు పెట్టి వెళ్లిపోతే ఉపయోగం లేదు, అసలు కుర్రాళ్లు ఒడ్డున లేని వారంలో సదస్సు పెట్టిన వాళ్లని కూడా చూశాను.

ఇంకోటి కత్తి. కత్తి గాయం అనగానే ఊరంతా మనవాళ్లు రౌడీలైపోయారు అనుకుంటుంది, కానీ వల తెగ్గొట్టడానికి, తాడు కోయడానికి, చేప శుభ్రం చేయడానికి బోటు మీద పనిచేసే ప్రతి కుర్రాడి దగ్గరా కత్తి ఉంటుంది. అది ఆయుధం అని కొనుక్కుంది కాదు, నడుముకి ఉండిపోయింది అంతే. మామూలు తోపులాట గాయం దాకా వెళ్లడానికి ఇదొక పెద్ద కారణం. ఒక ఊళ్లో మేం చేసిన అతి చిన్న పని, అతి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఏంటంటే సరంగులందరినీ (బోటు నడిపే పెద్దల్ని) కూర్చోబెట్టి ఒకే ఒక్క రూల్ ఒప్పించడం: పని కత్తి బోటులోని పెట్టెలోనే ఉండాలి, ఒడ్డుకి దిగేటప్పుడు ఎవరి నడుముకీ ఉండకూడదు. పోలీసులు చెప్తే వినని కుర్రాళ్లు సరంగు చెప్తే విన్నారు, ఎందుకంటే రేపు బోటు ఎక్కించుకునేది ఆయనే. గొడవలు ఆగలేదు, కానీ కుట్లు పడే గాయాలు బాగా తగ్గాయి. మీ ఊళ్లో రేపే మొదలుపెట్టగలిగింది ఏదైనా ఉందంటే ఇదే.

చూసేవాళ్ల గురించి ఎందుకంత నొక్కి చెప్తున్నానంటే

ఒకసారి ఒక కుర్రాడు తన ఫోన్లో జెట్టీ మీద జరిగిన కొట్లాట వీడియో చూపించాడు, గర్వంగానే చూపించాడు. నేను సౌండ్ తీసేసి మళ్లీ పెట్టమన్నాను. సౌండ్ లేకుండా చూస్తే అది వేరే వీడియో. ఇద్దరు కుర్రాళ్లు ఒకర్నొకరు తోసుకుంటున్నారు, తోసిన ప్రతిసారీ ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేస్తున్నారు. చేతులు కిందకి దిగిపోతున్నాయి. ఎదుటివాడి మొహం చూడట్లేదు, పక్కకి, గుంపు వైపు చూస్తున్నారు. ఇద్దరికీ ఆపేయాలనే ఉంది. అంతలో ఫోన్ పట్టుకున్నవాడి పక్కన ఒకడు ఏదో అన్నాడు, చుట్టూ నవ్వులు కనిపించాయి, మరుక్షణం మొదటి గుద్దు పడింది. సౌండ్ పెట్టి చూస్తే వాడు అన్న మాట "ఏంట్రా, ఇంతేనా?" అంతే. ఆ తర్వాత అదే వీడియో ఇంకా కొంతమంది కుర్రాళ్లకి సౌండ్ లేకుండా చూపించి "ఇది ఎక్కడ ఆగిపోయి ఉండేది?" అని అడిగాను, దాదాపు అందరూ వేలు పెట్టి అదే చోటు చూపించారు. అంటే వాళ్లకి తెలుసు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. రాండల్ కాలిన్స్ అనే సోషియాలజిస్ట్ వీధి కొట్లాటల ఫొటోలు, వీడియోలు ఏళ్ల తరబడి చూసి చెప్పింది కూడా ఇదే, చాలా గొడవలు అరుపులు, బెదిరింపుల దగ్గరే చల్లారిపోతాయి, ఎంత దూరం వెళ్తాయనేది చుట్టూ ఉన్నవాళ్లు ఎగదోస్తున్నారా, ఆపుతున్నారా, పట్టించుకోవట్లేదా అన్నదాన్ని బట్టి ఉంటుందని. లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ అనే సైకాలజిస్టులు 2005లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది, 306 మందితో ఒక కార్ డ్రైవింగ్ గేమ్ ఆడించారు, కొందర్ని ఒంటరిగా, కొందర్ని తోటివాళ్లు చూస్తుండగా. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు తోటివాళ్లు పక్కనుంటే ఒంటరిగా ఆడినవాళ్ల కంటే చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు, 24 దాటినవాళ్లలో అంత తేడా రాలేదు. కాబట్టి ఇంట్లో మీతో మాట్లాడేటప్పుడు మీ తమ్ముడు చెప్పే మాటలు అబద్ధాలు కాదు. "ఇంక వెళ్లను అక్కా" అన్నప్పుడు నిజంగానే అంటాడు. కానీ ఆ మాట అన్నది ఒంటరిగా ఉన్న తమ్ముడు, రాత్రి జెట్టీ మీద ఉండేది పది మంది మధ్య ఉన్న తమ్ముడు. ఇది అర్థమైతే మీకు కోపం సగం తగ్గుతుంది.

ఇక ఆశపెట్టే సంగతి. గుంపంటే ఎప్పుడూ ఎగదోసేదే అని కూడా అనుకోవద్దు. 2019లో వచ్చిన ఒక స్టడీలో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వీధుల సీసీటీవీలో రికార్డైన 219 గొడవలు చూస్తే పదింట తొమ్మిదింటిలో చుట్టూ ఉన్నవాళ్లలో కనీసం ఒకరైనా ఆపడానికి ముందుకొచ్చారు. అంటే ఆపాలనే బుద్ధి మనుషుల్లో ఉంది, కుర్రాళ్ల గుంపులో అది పిరికితనం కింద లెక్కగట్టేశారు, మన పని ఆ లెక్క మార్చడం.

సోలమన్ ఆష్ అనే సైకాలజిస్ట్ 1950ల్లో చేసిన గీతల ప్రయోగం కూడా నేను కుర్రాళ్లకి చెప్తుంటాను. గదిలో అందరూ కళ్లముందు కనిపించే గీతల పొడవు గురించి కావాలని తప్పు చెప్తుంటే అసలు విషయం తెలియని ఒక్కడు మూడింట ఒకవంతు సార్లు వాళ్లతో పాటే తప్పు చెప్పాడు. కానీ గదిలో ఒక్కడు నిజం చెప్తే చాలు, ఆ తలూపడం అంతకు ముందున్నదాంట్లో దాదాపు నాలుగో వంతుకి పడిపోయింది. ఒక్కడు చాలు అన్నమాట. మీ తమ్ముడి గుంపులో కూడా "వద్దులేరా, పద" అనే ఇంకొకడు తప్పకుండా ఉంటాడు, వాడు కూడా మీ తమ్ముడిలాగే నోరు మూసుకుని ఉంటాడు. వాణ్ని వెతకడం గురించి కింద చెప్తాను.

ఊరికి జరిగే నష్టం

కొట్టుకున్నవాళ్లకి తగిలే దెబ్బలు అందరికీ కనిపిస్తాయి, ఆస్పత్రి ఖర్చు కనిపిస్తుంది, కేసు కనిపిస్తుంది. నేను ఎక్కువ భయపడేది కనిపించని వాటికి.

మొదటిది నీళ్ల మీద. ఒడ్డున మాటలు లేని రెండు కుటుంబాల కుర్రాళ్లు ఒకే బోటు మీద పనిచేయాల్సి వస్తే అది ప్రమాదం. వల లాగేటప్పుడు, రాత్రి కాపలా మార్చుకునేటప్పుడు పక్కవాడి మీద నమ్మకంతోనే పని జరుగుతుంది. ఇంజిన్ ఆగిపోతే మొదట వచ్చేది కోస్ట్‌గార్డ్ కాదు, దగ్గర్లో ఉన్న మన ఊరి బోటే. ఒడ్డు మీది పగ ఈ సాయం దాకా పాకిన ఊరు నేను ఒకటి చూశాను, రేడియోలో పిలుపు విని కూడా "వాళ్లవాళ్లు చూసుకుంటారులే" అనుకునే స్థితి. ఎవరూ చనిపోలేదు, కానీ ఆ మాట బయటికి వచ్చిన రోజే పెద్దవాళ్లకి భయం పట్టుకుంది, అప్పటిదాకా కుర్రచేష్టలు అని తీసిపారేసినవాళ్లే రాజీకి కూర్చున్నారు.

రెండోది ఆడపిల్లలు. కొట్టుకునేది అబ్బాయిలు, ఇంట్లో కూర్చోవాల్సి వచ్చేది అమ్మాయిలు. చీకటి పడితే బయటికి వద్దు, ట్యూషన్ మానేయ్, ఆ బస్సు ఎక్కొద్దు అని మొదలై చదువు ఆపేయడం దాకా వెళ్తుంది, దీన్ని గొడవల వల్ల జరిగిన నష్టం కింద ఎవరూ రాయరు.

మూడోది మౌనం. చిన్న ఊళ్లో సాక్షి అంటే ఎవరికో ఒకరికి చుట్టం. ఎవరు పొడిచారో ఊరంతటికీ తెలుస్తుంది, చెప్పేవాడు ఉండడు, దాంతో దెబ్బతిన్నవాడి ఇంట్లో న్యాయం జరగలేదనే మంట అలాగే ఉండిపోతుంది, వచ్చే ఏడాది గొడవకి అదే మూలం. పోలీసు లెక్కల్లో ఊరు ప్రశాంతంగా ఉంటుంది. వేల్స్‌లోని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే సర్జన్ గమనించింది ఇదే, ఎమర్జెన్సీకి వచ్చే కొట్లాట గాయాల్లో చాలా భాగం పోలీసుల దాకా వెళ్లట్లేదని. వాళ్లు పేర్లు లేకుండా ఎక్కడ, ఏ టైముకి, దేనితో గాయమైందో అనేది మాత్రం ఆస్పత్రిలో నోట్ చేసి స్థానిక అధికారులతో పంచుకోవడం మొదలుపెట్టారు, ఆస్పత్రిపాలయ్యే హింస తగ్గింది, ఇప్పుడు దాన్ని కార్డిఫ్ మోడల్ అంటున్నారు. మీ ఊళ్లో పెద్ద ఆస్పత్రి లేకపోవచ్చు, కట్లు కట్టే నర్సు ఉంటుంది కదా, ఆమెకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పేర్లు అడక్కండి, చోటు, టైము అడగండి.

నాలుగోది ముద్ర. 16 ఏళ్లప్పుడు ఒక రాత్రి చేసిన పనికి 30 ఏళ్లొచ్చినా "ఆ కత్తి కుర్రాడు" అనే పేరే మిగులుతుంది. న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్లో (అదీ సముద్రం పక్కనే) 1972, 73ల్లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చిన పరిశోధన ఉంది, దాని ఆధారంగా టెర్రీ మోఫిట్ అనే సైకాలజిస్ట్ 1993లో రాసింది ఏంటంటే టీనేజ్‌లో గొడవలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ వయసు దాటాక తామే మానేస్తారు, చిన్నప్పటి నుంచీ మొదలై పెద్దయ్యాక కూడా సాగేవాళ్లు చాలా కొద్దిమంది. అయితే మానేద్దామనుకునే లోపు ఉచ్చులుంటాయి: కేసు, మందు లేదా డ్రగ్స్ అలవాటు, ఆగిపోయిన చదువు, శాశ్వతంగా మిగిలే గాయం. చిన్న ఊళ్లో ఇంకో ఉచ్చు ఉంది, ఊరు మర్చిపోదు. మర్చిపోని ఊళ్లో కుర్రాడు మారడానికి పెద్దగా కారణం కూడా కనిపించదు, ఎలాగూ పేరు పోయింది కదా అంటాడు. నేను ఈ మాట ఎన్ని నోళ్లలో విన్నానో.

మంచి ఉద్దేశంతో చేసే తప్పుడు పనులు

మీ పెద్దవాళ్లు "జైలు చూపించి భయపెట్టాలి" అంటున్నారని రాశారు. దయచేసి ఆపండి. అమెరికాలో న్యూజెర్సీలోని రాహ్‌వే జైల్లో 1970ల్లో ఇది పెద్ద ఎత్తున చేశారు, ఖైదీలతో కుర్రాళ్లని బెదిరింపజేయడం. తర్వాత ఇలాంటి ప్రోగ్రాముల మీద సరైన పద్ధతిలో జరిగిన స్టడీలన్నీ కలిపి చూస్తే వెళ్లొచ్చిన కుర్రాళ్లు వెళ్లనివాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. భయపడటం మాట అటుంచి, ఫ్రెండ్స్ ముందు "నేను జైలు చూసొచ్చా" అని చెప్పుకోవడానికి ఒక కథ దొరుకుతుంది.

రెండోది, గొడవ చేసే కుర్రాళ్లందర్నీ ఏరి ఒకే క్యాంపుకి, ఒకే క్లాసుకి పంపడం. ఇది ఎంత సహజంగా అనిపిస్తుందో అంత ప్రమాదం. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన ఒక పెద్ద ప్రయత్నంలో వందల మంది అబ్బాయిలకి కౌన్సెలర్లు, ట్యూషన్లు, సమ్మర్ క్యాంపులు అన్నీ ఇచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లందర్నీ వెతికి చూస్తే సాయం అందుకున్నవాళ్ల పరిస్థితే సాయం అందనివాళ్లకంటే అధ్వాన్నంగా ఉంది, ఆవిడ తర్వాత మళ్లీ తవ్వి చూస్తే ఒకటికంటే ఎక్కువసార్లు సమ్మర్ క్యాంపుకి వెళ్లినవాళ్ల దగ్గరే ఎక్కువ చెడు ఫలితం కనిపించింది. కుర్రాళ్లు ఒకరికొకరు గొప్పలు చెప్పుకుంటూ, నవ్వుతూ మెచ్చుకుంటూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. గుంపుగా పనిచేయడమే తప్పని కాదు, షికాగోలో స్కూలు కుర్రాళ్ల గుంపులతో నడిచిన ఒక ప్రోగ్రాం నడుస్తున్నంత కాలం హింసాత్మక నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. కానీ అక్కడ ట్రైనింగ్ ఉన్న పెద్దవాడు వారం వారం కూర్చునేవాడు, కోపం వచ్చిన ఆ క్షణంలో ఆగి ఆలోచించడం ప్రాక్టీసు చేయించేవాడు. వారం వారం కూర్చునే మనిషి లేకపోతే క్యాంపు జోలికి వెళ్లకండి.

మూడోది, నడిబజార్లో పరువు తీయడం. గుండు కొట్టించడం, అందరి ముందు చెంపదెబ్బ, తల్లిదండ్రుల చేత క్షమాపణ చెప్పించి వీడియో తీయడం. అసలు గొడవంతా పరువు గురించే అయినప్పుడు పరువు తీస్తే అది శిక్ష కాదు, తర్వాతి గొడవకి పెట్టుబడి.

పనికొచ్చేవి

గొడవ జరిగిన మొదటి రెండు రోజులు అన్నిటికంటే ముఖ్యం. ప్రతీకారం అప్పుడే రాజుకుంటుంది, చాలాసార్లు అది మొదలయ్యేది ఆస్పత్రి వరండాలో, దెబ్బతిన్నవాడి ఫ్రెండ్స్ అంతా అక్కడ పోగై ఏడుపూ కోపమూ కలిసిపోయి ఉన్నప్పుడు. ఆ టైములో నేను దెబ్బతిన్న కుర్రాడి కంటే ముందు ఆ వరండాలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తాను. వాళ్లు గౌరవించే మనిషి ఒకరు, అది పాత గొడవలు చూసి బయటపడిన పాతికేళ్ల అన్న కావచ్చు, సరంగు కావచ్చు, వచ్చి కూర్చుంటే చాలు, లెక్చర్ అక్కర్లేదు. ఎవరిని ఇంటికి పంపాలో, ఎవరు తాగి ఉన్నారో, ఎవరి ఫోన్లో వీడియో ఉందో చూసుకోవాలి. వీడియో డిలీట్ చేయించడం అన్నిటికంటే ముందు. వీడియో తిరుగుతున్నంత కాలం ఓడిపోయినవాడు రోజూ ఓడిపోతూనే ఉంటాడు. అయితే గాయం పెద్దదై కేసు నడుస్తుంటే అది సాక్ష్యం, ఒక కాపీ పోలీసులకి ఇచ్చేయండి, ఎక్కడెక్కడ షేర్ అయిందో అక్కడ మాత్రం డిలీట్ చేయించండి.

తర్వాత చూసేవాళ్ల సంగతి. స్కాట్లాండ్‌లో కత్తిపోట్లు విపరీతంగా ఉన్న రోజుల్లో 2005లో గ్లాస్గోలో పోలీసులు వయొలెన్స్ రిడక్షన్ యూనిట్ పెట్టారు, దాన్ని నేరంగానే కాదు ఆరోగ్య సమస్యగా కూడా చూశారు. వాళ్లు స్కూళ్లలోకి తీసుకెళ్లిన పద్ధతుల్లో ఒకటి, నిన్ను దోషిగానో బాధితుడిగానో కాకుండా పక్కన ఉన్న ఫ్రెండ్‌గా ఊహించుకో, అప్పుడు ఏం చేస్తావ్ అని పెద్ద క్లాసు పిల్లల చేతే చిన్న క్లాసు పిల్లలతో మాట్లాడించడం. ఈ ప్రశ్నకి కుర్రాళ్లు నోరు విప్పుతారు, ఎందుకంటే దాంట్లో వాళ్ల తప్పు ఏం లేదు. మేం చేసేది ఇంకా మోటుగా ఉంటుంది: మీ వాణ్ని పరువు పోకుండా పక్కకి లాగడానికి ఏ మాట పనిచేస్తుంది అని వాళ్లనే అడుగుతాం. "పోలీసులొస్తున్నారు పద", "మీ నాన్న ఫోన్ చేస్తున్నాడ్రా", "వీడెంత, వదిలేయ్, మన టైం వేస్ట్" ఇలాంటివి వాళ్లే చెప్తారు. చివరిది వినడానికి పొగరుగా ఉంటుంది, కానీ అన్నిటికంటే బాగా పనిచేసేది అదే, తప్పుకున్నవాడు గెలిచినట్టు వెళ్లిపోవచ్చు.

ఊరి స్థాయిలో చూడదగ్గ ఉదాహరణ ఐస్‌లాండ్. అక్కడి ఊళ్లలో ఎక్కువ భాగం సముద్రం ఒడ్డునే ఉంటాయి. అక్కడ 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో అంతకు ముందు నెలలో ఒక్కసారైనా మత్తుగా తాగామన్నవాళ్లు 42 శాతం, 2016కి 5 శాతం. ప్రతి ఏటా స్కూళ్లలో సర్వే చేసి ఎక్కడికక్కడ ఫలితాలు ఊరివాళ్ల ముందు పెట్టారు, ఆటలు, సంగీతం లాంటివాటికి డబ్బు పెట్టారు, 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు చలికాలంలో రాత్రి పది తర్వాత బయట ఉండకూడదని చట్టం పెట్టారు. నాకు నచ్చింది మాత్రం తల్లిదండ్రులు జట్లుగా రాత్రిపూట ఊళ్లో నడవడం. ఎవర్నీ కొట్టరు, తిట్టరు, కనిపిస్తారు అంతే. అది తాగుడు గురించి కదా అనొచ్చు, నిజమే, కానీ కుర్రాళ్లు రాత్రిపూట పెద్దలెవరూ లేని చోట పోగవడమే రెండింటికీ మూలం. మగవాళ్లు వేటకి వెళ్లే ఊళ్లలో ఈ నడక తల్లులు, రిటైరైన సరంగులు, టీచర్లు చేయాలి, వేట లేని నెలల్లో ఎక్కువ చేయాలి.

పని సంగతి కూడా. కుర్రాళ్లని బోటు మీద, ఐస్ ప్లాంటులో, వలల రిపేరులో పెట్టేటప్పుడు వాళ్ల బ్యాచ్ మొత్తాన్ని ఒకేచోట పెట్టకండి. ఒక కుర్రాడు, ముగ్గురు పెద్దవాళ్లు, ఈ లెక్క బాగుంటుంది. కుర్రాడు పని నేర్చుకుంటాడు, దాంతో పాటు మగాడిగా మర్యాద ఎలా సంపాదించాలో కొట్లాట లేకుండా చూస్తాడు.

ఇక మీ తమ్ముడు

ముందు కనుక్కోవాల్సింది అతను ఎందుకు తిరుగుతున్నాడని. నేను చూసినంతలో మూడు రకాలు. సరదా కోసం తిరిగేవాడు, రక్షణ కోసం తిరిగేవాడు, ఎవరికో ఏదో బాకీ పడి తిరిగేవాడు. మీ మెసేజ్ చదివితే రెండో రకం అనిపిస్తోంది, అవతలి గుంపు ఒకసారి కొట్టింది అన్నారు కదా. భయంతో గుంపులో చేరినవాణ్ని గుంపు మానేయమంటే "మరి నన్నెవరు కాపాడతారు?" అని అడుగుతాడు, దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. స్కూలుకి వెళ్లే దారి, బస్సు టైము, సాయంత్రం ఎక్కడ ఉంటాడు, ఇవన్నీ మీరిద్దరూ కూర్చుని ఒక్కొక్కటిగా చూసుకోండి, మొదట రెండు మూడు వారాలకి చాలు. మూడో రకమైతే, అంటే డ్రగ్స్ చేరవేయడం, డబ్బు బాకీ, పెద్ద వయసువాళ్లు వెనక ఉండటం లాంటివి కనిపిస్తే, మీరు ఒంటరిగా దిగకండి, అది కౌన్సెలింగ్ విషయం కాదు, నమ్మకమైన పోలీసు అధికారి, లాయరు ఉండాలి.

మాట్లాడేది పక్కపక్కన కూర్చుని మాట్లాడండి, ఎదురెదురుగా కాదు. వల బాగుచేస్తూనో, బండి మీద వెళ్తూనో. "ఎవడ్రా వాళ్లు, ఎందుకు తిరుగుతున్నావ్" అని మొదలుపెడితే ఫ్రెండ్స్‌ని వెనకేసుకురావడం తప్ప అతనికి ఇంకో దారి ఉండదు. "మీవాళ్లలో గొడవంటే ఇష్టం లేనోడు ఎవడు?" అని అడగండి. పైన చెప్పిన ఆ ఒక్కడు వీడే. పేరు చెప్పాక వాణ్ని ఇంటికి రానివ్వండి, ఒక పూట కలిసి గడపనివ్వండి, ఇద్దరికీ కలిపి ఏదైనా పని అప్పజెప్పండి. గుంపు నుంచి ఇద్దరు కలిసి జారుకోవడం ఒక్కడు జారుకోవడం కంటే చాలా తేలిక. అలాగే అతనికి సాకులు సప్లై చేయండి. "అక్క తెల్లవారుజామున లేపుతుంది", "నాన్న ఫోన్లో లొకేషన్ చూస్తాడు", "ఈ నెల బోటు ఎక్కాలి" ఇలా చెడ్డపేరు మీ మీద వేసుకోండి, ఫ్రెండ్స్ ముందు మీరు రాక్షసి అయినా పర్లేదు. ఒక కోడ్ పెట్టుకోండి, ఫలానా పదం మెసేజ్ చేస్తే మీరు వెంటనే ఫోన్ చేసి అందరికీ వినపడేలా అరిచి ఇంటికి రమ్మనాలి. ఆ రాత్రి మాత్రం ఏం జరిగిందని ప్రశ్నలు వేయకండి, లేకపోతే ఇంకోసారి ఆ మెసేజ్ రాదు.

నిద్ర పట్టకపోవడం, ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడటం, కత్తి లేకుండా బయటికి వెళ్లకపోవడం, చావు గురించి మాట్లాడటం లాంటివి కనిపిస్తే ఇవన్నీ పక్కనబెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కత్తిపోటు దగ్గరుండి చూసిన పిల్లల్లో ఇది మామూలే, చాలామంది దాన్ని పొగరు అనుకుని వదిలేస్తారు.

వేరే ఊరు పంపడం గురించి. ప్రాణానికి ముప్పు ఉందని స్పష్టంగా తెలిస్తే పంపండి, ఈ రాత్రే పంపండి, ఆలోచించొద్దు. అలా కాకపోతే పంపేముందు మూడు విషయాలు చూసుకోండి: అక్కడ అతన్ని రోజూ చూసే పెద్దమనిషి ఎవరు, అక్కడ చేయడానికి ఏం పని లేదా చదువు ఉంది, తిరిగి ఎప్పుడు వస్తాడు. శిక్షగా పంపితే కొన్నాళ్లకి తిరిగొస్తాడు, అప్పటికి గుంపులో అతని స్థానం పోయి ఉంటుంది, దాన్ని మళ్లీ సంపాదించుకోవడానికి ఏదో ఒకటి చేసి చూపించాలనుకుంటాడు, నేను చూసిన ఘోరమైన గాయాల్లో ఒకటి అలా తిరిగొచ్చిన వారంలోనే జరిగింది. పంపితే ఒక కోర్సు కోసమో, ఉద్యోగం కోసమో పంపండి, గుంపుకి కూడా అదే చెప్పుకునేలా. సెలవులకి వచ్చినప్పుడు మొదటి రెండు మూడు సాయంత్రాలు ఖాళీగా వదలకండి.

అవతలి గుంపులో మీకు తెలిసిన ఇల్లు ఏదైనా ఉంటే, ముఖ్యంగా ఆ ఇంటి ఆడవాళ్లతో పరిచయం ఉంటే, కింద రాయండి, రెండు ఇళ్ల మధ్య మాట ఎలా మొదలుపెట్టాలో అది వేరే జవాబులో చెప్తాను. ఆ కత్తి గాయమైన కుర్రాడు ఇప్పుడు ఎలా ఉన్నాడో కూడా రాయండి, ఇంకా ఆస్పత్రిలోనే ఉంటే ముందు చేయాల్సిన పని అక్కడే ఉంది.